‘ఈ మందు నాకు పడదు’ అంటే ఒంట్లో ఏం జరిగినట్టు?

మందుల చీటీ రాసే ముందు డాక్టర్ అడిగే ప్రశ్న ఒకటుంది: ‘‘ఏవైనా మందులు పడవా?’’ దానికొచ్చే జవాబులు రకరకాలు. ఒకరు పెన్సిలిన్ పడదంటారు. ఎందుకని అడిగితే, చిన్నప్పుడు జ్వరానికి మందు తాగిస్తే ఒళ్లంతా దద్దుర్లు లేచాయని వాళ్లమ్మ చెప్పిందట. ఇంకొకరికి పెన్సిలిన్ కుటుంబానికే చెందిన అమాక్సిసిలిన్ వేసుకుంటే విరేచనాలవుతాయి, కాబట్టి పడదు. మరొకరికి మోషన్స్ మాత్ర వేసుకున్న ప్రతిసారీ కింది పెదవి మీద సరిగ్గా అదే చోట నల్లమచ్చ తేలుతుంది. నాలుగో మనిషి పెన్సిలిన్ ఇంజెక్షన్ చేసిన ఐదు నిమిషాలకే ఊపిరాడక పడిపోయి, ఐసీయూలో కళ్లు తెరిచాడు. నలుగురూ వాడే మాట ఒకటే, పడదు. వంకాయ పడదు, అత్తాకోడళ్లకు పడదు, సల్ఫా పడదు.

మాట ఒకటైనా ఒంట్లో జరిగినవి నాలుగు వేర్వేరు సంగతులు. విరేచనాలు అసలు అలర్జీయే కాదు. రోగం తెచ్చిన బ్యాక్టీరియాతోపాటు పేగుల్లో మామూలుగా ఉండే బ్యాక్టీరియా కూడా మందు దెబ్బకు చెదిరిపోవడం వల్ల వచ్చే తిప్పలవి. మిగతా మూడింటి వెనక రోగనిరోధక వ్యవస్థ ఉండొచ్చు. కానీ ఒక్కోచోట పనిచేసే కణాలు వేరు, పట్టే సమయం వేరు, రేపు అదే మందు మళ్లీ ఇస్తే ఎదురయ్యే ప్రమాదం వేరు. చిన్నప్పటి దద్దుర్ల మనిషికి ఆ మందు చాలావరకు నిక్షేపంగా ఇవ్వొచ్చు. ఐసీయూ మనిషికి ఇస్తే ప్రాణం పోవచ్చు. ఇద్దరి కేస్ షీట్ మీదా ఎర్ర సిరాతో రాసేది మాత్రం ఒకటే: పెన్సిలిన్ అలర్జీ.

అసలు పెన్సిలిన్ మన రోగనిరోధక వ్యవస్థ కంటపడటమే ఒక వింత. దాని అణువు చాలా చిన్నది, అణువుల బరువు కొలిచే డాల్టన్లలో చెబితే బెంజైల్ పెన్సిలిన్ బరువు దాదాపు 334. రక్తంలో తిరిగే అల్బుమిన్ ప్రొటీన్ బరువు 66 వేలకు పైనే. వెయ్యి డాల్టన్లు కూడా లేని పదార్థాలను రోగనిరోధక వ్యవస్థ సాధారణంగా పట్టించుకోదు. ఈ చిక్కుముడి విప్పడానికి పనికొచ్చిన ప్రయోగాలు బ్లడ్ గ్రూపులను కనిపెట్టిన కార్ల్ లాండ్‌స్టైనర్‌వి. చిన్న రసాయనాన్ని ఒంటరిగా ఎక్కిస్తే యాంటీబాడీలు, అంటే పరాయి పదార్థాన్ని పట్టుకునే రక్షక ప్రొటీన్లు పుట్టవు, అదే రసాయనాన్ని ఏదైనా ప్రొటీన్‌కు అతికించి ఎక్కిస్తే పుడతాయని ఆయన చూపించాడు. ఇలా ఇంకొకరి భుజమెక్కితే తప్ప కనిపించని రసాయనాలకు హ్యాప్టెన్లని పేరు.

పెన్సిలిన్‌కు అతుక్కునే గుణం పుట్టుకతోనే ఉంది. దాని నడుమ బీటా-లాక్టమ్ అనే నాలుగు మూలల వలయం ఉంటుంది. బలవంతంగా వంచి కట్టిన కొబ్బరి ఈనెలా అది ఎప్పుడు విచ్చుకుందామా అన్నట్టు ఉంటుంది. బ్యాక్టీరియా తన గోడ కట్టుకోవడానికి వాడే ఎంజైమ్ తగలగానే ఆ వలయం తెరుచుకుని, ఎంజైమ్‌కు అతుక్కుపోయి, దాన్ని పనికిరాకుండా చేస్తుంది. మందు పనిచేసే తీరు అదే. అయితే అదే వలయం మన రక్తంలోని అల్బుమిన్ మీద ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లాలకు తగిలినా తెరుచుకుని అంటుకుంటుంది. అంటే బ్యాక్టీరియాను చంపే గుణమే అలర్జీకీ దారి తీస్తోంది, ఒకటి ఉంచుకుని ఇంకొకటి తీసేయడానికి లేదు. పెన్సిలిన్ వాడిన ప్రతి ఒక్కరిలోనూ ఈ అతుకులు పడతాయి. వాటిని చూసి ఉలిక్కిపడేది మాత్రం కొద్దిమంది రోగనిరోధక వ్యవస్థే.

సల్ఫా మందులది కొంచెం వేరే కథ. సల్ఫామెథాక్సజోల్ తనంతట తాను అంత సులువుగా అతుక్కోదు. కాలేయం దాన్ని విరిచినప్పుడు పుట్టే ఒక చురుకైన ముక్క ప్రొటీన్లను పట్టుకుంటుంది. హెచ్‌ఐవీ ఉన్నవారిలో సల్ఫా రియాక్షన్లు మామూలు వాళ్లలో కన్నా చాలా ఎక్కువగా కనిపిస్తాయి.

ఇక ఐదు నిమిషాల్లో పడిపోయిన మనిషి సంగతి. ఆయన ఒంట్లో అంతకు ముందెప్పుడో, బహుశా ఏ ఇబ్బందీ లేకుండా గడిచిపోయిన ఒక కోర్సు సమయంలో, పెన్సిలిన్ అతికిన ప్రొటీన్‌ను బి కణాలనే తెల్ల రక్తకణాలు గుర్తుపట్టి ఐజీఈ అనే రకం యాంటీబాడీలు తయారుచేశాయి. రక్తంలో అన్ని యాంటీబాడీలకన్నా తక్కువగా ఉండేది ఇదే. దాని జాడ దొరకడానికి అంతకాలం పట్టిందీ అందుకే. 1921లో జర్మనీలో కార్ల్ ప్రాస్‌నిట్జ్, హైన్‌రిష్ క్యుస్ట్‌నర్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక ప్రయోగం చేశారు. క్యుస్ట్‌నర్‌కు చేపలు పడవు. ఆయన రక్తం నుంచి తీసిన సీరమ్‌ను ప్రాస్‌నిట్జ్ చర్మంలోకి ఎక్కించి, మర్నాడు అదే చోట చేపల సారం ఎక్కిస్తే అక్కడ దద్దురు లేచింది. పడకపోవడమనే గుణం రక్తంతోపాటు ఒకరి నుంచి ఒకరికి వెళ్తుందని తేలిపోయింది. ఆ రక్తంలో ఉన్నదేమిటో తెలియడానికి మాత్రం ఇంకో 45 ఏళ్లు పట్టింది. 1966-67లో అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిష్ విడివిడిగా దాన్ని పట్టుకున్నారు.

తయారైన ఐజీఈ రక్తంలో ఊరికే తిరగదు. చర్మం కింద, గొంతులో, ఊపిరి గొట్టాల్లో, పేగుల్లో కాపలా ఉండే మాస్ట్ కణాల మీద, వేర్లు లోపలికి దిగిన మొక్కల్లా పాతుకుంటుంది. ఒక్కో మాస్ట్ కణం లోపల హిస్టమిన్, ట్రిప్టేజ్ వంటి రసాయనాలు నింపుకున్న సంచులు వందల్లో సిద్ధంగా ఉంటాయి. మళ్లీ మందు వచ్చినప్పుడు ఒక్క ఐజీఈని ఒక్క పెన్సిలిన్ తాకితే ఏమీ కాదు. పక్కపక్కన ఉన్న రెండు ఐజీఈలను ఒకేసారి పట్టుకుని వంతెన కట్టేది కావాలి. ఒకే అల్బుమిన్ మీద చాలాచోట్ల అతికిన పెన్సిలిన్ చేసే పని సరిగ్గా అదే. వంతెన పడిందంటే సంచులన్నీ ఒక్కసారిగా బయటికి కక్కేస్తాయి. కొత్తగా తయారుచేయాల్సింది ఏమీ లేదు కాబట్టే అంతా నిమిషాల్లో అయిపోతుంది.

హిస్టమిన్ చర్మంలో పడితే దురద, దద్దుర్లు. పెదాల్లో, గొంతులో పడితే వాపు. ఊపిరి గొట్టాల్లో పడితే అవి బిగుసుకుపోయి పిల్లికూతలు. ఒళ్లంతా ఒకేసారి పడితే రక్తనాళాల గోడలు జల్లెడలా మారి, లోపలి ద్రవం బయటికి కారిపోతుంది. 10 నిమిషాల్లో మూడో వంతు వరకు కారిపోవచ్చంటారు. బీపీ పడిపోవడానికి కారణం ఇదే. అనాఫిలాక్సిస్ అంటే ఇదే. ఆ పేరు పెట్టిన షార్ల్ రిషేకు 1913లో నోబెల్ వచ్చింది. అనాఫిలాక్సిస్‌తో చనిపోయినవారి మీద బ్రిటన్‌లో చేసి 2000లో ప్రచురించిన పరిశీలనలో, ఆహారం పడనివారి గుండె ఆగడానికి మధ్యస్థంగా 30 నిమిషాలు పడితే, వైద్యంలో ఇచ్చిన మందుల వల్ల 5 నిమిషాలే పట్టింది. మందు నేరుగా రక్తంలోకే వెళ్తుంది మరి.

ఆ 5 నిమిషాల్లో మన దగ్గర జరిగేది చూస్తే బాధేస్తుంది. రియాక్షన్ రాగానే చాలాచోట్ల చేయి ముందుగా వెళ్లేది అవిల్, హైడ్రోకార్టిసోన్ వైపు. అవిల్ హిస్టమిన్‌కు అడ్డుపడి దురద తగ్గిస్తుంది తప్ప, పడిపోయిన బీపీని లేపలేదు, మూసుకుపోతున్న గొంతును తెరవలేదు. స్టెరాయిడ్ పనిచేయడానికి గంటలు కావాలి. ప్రాణం నిలిపేది అడ్రినలిన్. పెద్దవాళ్లకు అర మిల్లీగ్రాము, అంటే మామూలుగా దొరికే ఒక మిల్లీలీటరు ఆంప్యూల్‌లో సగం, తొడ బయటివైపు కండరంలోకి వెంటనే ఇవ్వాలి. అది రక్తనాళాలను బిగిస్తుంది, ఊపిరి గొట్టాలను తెరుస్తుంది, మాస్ట్ కణాలు ఇంకా కక్కకుండా ఆపుతుంది. ఖరీదైన మందు కాదు, మండల కేంద్రంలోని చిన్న క్లినిక్‌లోనూ పెట్టుకోవచ్చు. గుండె దడ వస్తుందన్న భయంతో దాన్ని ఆఖరి అస్త్రంగా దాచుకోవడమే పొరపాటు. ఇంకొకటి, మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాలి. గాలి కోసమని లేపి నిలబెడితే, ఉన్న కాస్త రక్తమూ కాళ్లలోకి దిగిపోయి గుండెకు అందదు. ఊపిరి అందకపోతే కూర్చోబెట్టొచ్చు గానీ నడిపించకూడదు.

పేపర్లో ‘ఇంజెక్షన్ వికటించి మృతి’ అని వార్త వచ్చిన ప్రతిసారీ తలెత్తే ప్రశ్న, ‘‘టెస్ట్ డోస్ ఇచ్చారా లేదా?’’ టెస్ట్ డోస్ చూడని కుటుంబం తెలుగునాట ఉండదు. ముంజేతి లోపలివైపు చర్మంలోకి పదో వంతు మిల్లీలీటరు ఎక్కిస్తే చిన్న బుడిపె లేస్తుంది. నర్సు దాని చుట్టూ బాల్‌పెన్‌తో గుండ్రంగా గీత గీసి, టైమ్ రాసి, ‘‘దురద పెడితే చెప్పండి’’ అని వెళ్లిపోతుంది. పావుగంట తర్వాత వచ్చి చూసి, గీత దాటి ఎర్రబడలేదు కాబట్టి ఓకే అంటుంది. రోగికి ధైర్యం, ఆసుపత్రికి రికార్డు.

చర్మ పరీక్ష అనే ఆలోచనలో తప్పు లేదు. అక్కడి మాస్ట్ కణాల మీద ఐజీఈ ఉంటే అవి అక్కడే స్పందిస్తాయి, గొప్ప తర్కమే. గొడవంతా చేసే తీరులో ఉంది. పెన్సిలిన్‌కు సరైన పరీక్ష చేయాలంటే వలయం తెరుచుకున్నాక ఏర్పడే రూపాలు కావాలి. అవి మన మామూలు వార్డుల్లో కనిపించవు, రోగికి ఎక్కించబోయే వయల్ నుంచే కాస్త తీసి పొడుస్తారు. పక్కన పోల్చి చూడటానికి ఉత్త సెలైన్ చుక్క ఉండదు, హిస్టమిన్ చుక్క ఉండదు. మందు మరీ చిక్కగా ఉంటే ఎవరి చర్మమైనా మండి ఎర్రబడుతుంది, లేని అలర్జీ ఉందని రాసేస్తారు. పలచగా ఉంటే ఉన్న అలర్జీ కూడా బయటపడకపోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, ఈ పరీక్ష చూసేది ఐజీఈని మాత్రమే. వారం తర్వాత తేలే రియాక్షన్‌ను పావుగంటలో ముంజేయి ఎలా చెబుతుంది? గతంలో ఏ రియాక్షనూ లేని మనిషికి ప్రతిసారీ టెస్ట్ డోస్ వేయడం వల్ల ఒరిగేది తక్కువ. పూర్తి మోతాదు ఇచ్చాక అరగంట కూర్చోబెట్టి, అడ్రినలిన్ ట్రేలో సిద్ధంగా ఉంచుకోవడం వల్ల ఒరిగేది చాలా ఎక్కువ.

మాస్ట్ కణాలకు ఇంకో దొడ్డిదారి కూడా ఉందని 2015లో తేలింది. వాటి మీద ఎంఆర్‌జీపీఆర్‌ఎక్స్2 అనే గ్రాహకం ఉంది. సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులు ఐజీఈతో పని లేకుండానే నేరుగా ఆ తలుపు తట్టగలవు. జీవితంలో మొదటిసారి వాడినప్పుడే ఒళ్లు ఎర్రబడి దురద పుట్టడానికి ఇదొక కారణం. వాంకోమైసిన్‌ను గబగబా ఎక్కిస్తే ముఖం, మెడ కందిపోవడం కూడా మాస్ట్ కణాల పనే, అదీ ఐజీఈ ప్రమేయం లేకుండానే. బాటిల్ వేగం తగ్గించి ఎక్కిస్తే చాలావరకు సర్దుకుంటుంది. దాన్ని అలర్జీ అని రాసేస్తే, అవసరం పడిన రోజు ఆ మందు చేజారినట్టే.

ఇంతవరకూ చెప్పింది నిమిషాల వ్యవహారం. నెమ్మదిగా నడిచే రియాక్షన్లు టి కణాలనే మరో రకం తెల్ల రక్తకణాలవి. టి కణం మందును గుర్తుపట్టి, సంఖ్య పెంచుకుని, చర్మానికి చేరడానికి రోజులు పడుతుంది. అందుకే మొదటిసారి వాడినప్పుడు ఏడో రోజో, పదో రోజో వీపు మీద, ఛాతీ మీద ఎర్రటి సన్నని పొక్కులు తేలతాయి. ఒక్కోసారి కోర్సు అయిపోయాక కూడా వస్తాయి. రెండోసారి ఒకటి రెండు రోజుల్లోనే రావచ్చు, జ్ఞాపకం ఉంటుంది కాబట్టి. చూడటానికి భయంకరంగా ఉన్నా ఇవి చాలావరకు వాటంతట అవే పోతాయి.

పిల్లల్లో ఈ పొక్కుల వెనక తరచూ అసలు దోషి వైరస్. గ్లాండ్యులర్ ఫీవర్ తెచ్చే ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఉన్నప్పుడు అమాక్సిసిలిన్ వేస్తే ఒళ్లంతా ఎర్రబడటం డాక్టర్లకు పాత సంగతే. కెనడాలోని మాంట్రియల్‌లో అమాక్సిసిలిన్ పడదని ముద్రపడిన 818 మంది పిల్లలకు, డాక్టర్ల కళ్లెదుటే ఆ మందు ఇచ్చి చూశారు. 2016లో వెలువడిన ఫలితం ప్రకారం 94 శాతం మందికి ఏమీ కాలేదు. మొదట్లో చెప్పిన దద్దుర్ల మనిషికి బహుశా మందు ఇవ్వొచ్చు అన్నది అందుకే.

పెదవి మీద నల్లమచ్చది ఇంకా తమాషా అయిన కథ. మన దగ్గర విరేచనాలకు ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్రను మెడికల్ షాపులో అడిగి కొనుక్కునేవాళ్లు కోకొల్లలు. అందులో కొందరికి మాత్ర పడిన కొన్ని గంటల్లోనే పెదవి మీదో, చేతి మీదో, మర్మాంగం మీదో గుండ్రంగా కందిపోయి మండుతుంది, తర్వాత నల్లబడి నెలల తరబడి నిలిచిపోతుంది. మళ్లీ ఎప్పుడు ఆ మందు వేసుకున్నా మచ్చ లేచేది అక్కడే. మొదటిసారి వచ్చిన టి కణాల్లో కొన్ని వెనక్కి వెళ్లకుండా ఆ చర్మం పైపొరలోనే స్థిరపడిపోతాయి. మందు వాసన తగలగానే మొదట లేచేవి అవే. రాత్రి బల్లి పాకిందనో, వేడి చేసిందనో అనుకుని నాలుగైదు సార్లు అదే మాత్ర వేసుకున్నాక గానీ చాలామందికి లింకు తట్టదు. వేసుకున్న కొద్దీ మచ్చలు పెద్దవవుతాయి, సంఖ్య పెరుగుతుంది.

‘వేడి చేసింది’ అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. యాంటీబయాటిక్ వేసుకుంటే నోరు పూయడం మామూలేనని మజ్జిగ, సబ్జా నీళ్లు తాగి సరిపెట్టుకుంటారు. ఎక్కువసార్లు అది సరైన పనే. కానీ నోరు, కళ్లు, మూత్రద్వారం మూడూ పుండ్లయి మండుతూ, జ్వరం వచ్చి, దురదకు బదులు చర్మం నొప్పి పెడుతుంటే అది వేడి కాదు. స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ అయ్యుండొచ్చు. మందు మొదలుపెట్టిన నాలుగు రోజుల నుంచి నాలుగు వారాల లోపు సాధారణంగా మొదలవుతుంది. యాంటీబయాటిక్‌లలో దీనికి బాగా పేరుబడ్డవి సల్ఫాలు. వైరస్ సోకిన కణాలను చంపడానికి ఉన్న టి కణాలు ఇక్కడ సొంత చర్మ కణాల మీద పడి గ్రాన్యులైసిన్ అనే విషపు ప్రొటీన్‌తో చంపేస్తాయి. చర్మం పొరలుగా ఊడొస్తుంది. ఒంటి చర్మంలో పది శాతంలోపు ఊడితే ఈ పేరు, 30 శాతం దాటితే టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలైసిస్ అని మరో పేరు, అందులో దాదాపు ముగ్గురిలో ఒకరు చనిపోతారు. ఇలాంటివి ఒకసారి వచ్చిన మనిషికి ఆ మందు జన్మలో మళ్లీ ఇవ్వకూడదు, టెస్ట్ డోస్‌గా కూడా.

ఎవరికి వస్తుందో ముందే చెప్పగలమా? కొన్నిటికి చెప్పొచ్చు. కణాల మీద మందు ముక్కను పట్టుకుని టి కణాలకు చూపించే హెచ్‌ఎల్‌ఏ ప్రొటీన్లు ఒక్కొక్కరిలో ఒక్కో ఆకారంలో ఉంటాయి. కుష్ఠువ్యాధికి వాడే డాప్సోన్ తీవ్రంగా వికటించేవారిలో హెచ్‌ఎల్‌ఏ-బి 13:01 అనే రకం ఎక్కువగా ఉందని 2013లో చైనా రోగుల మీద చేసిన పరిశోధనలో తేలింది. మందు ఒకటే, మోతాదు ఒకటే, పట్టుకునే చేయి ఆకారం వేరు.

రక్తకణాల మీద మందు అతుక్కుని వాటినే యాంటీబాడీలు పగలగొట్టడం, సెఫాక్లార్ తాగిన పిల్లలకు వారం పది రోజులకు కీళ్లు వాచి జ్వరం రావడం వంటివి కూడా ఉన్నాయి గానీ, అరుదు.

ఒక మందు పడకపోతే దాని చుట్టాలన్నీ పడవా? పెన్సిలిన్ పడనివారిలో పది శాతం మందికి, అదే బీటా-లాక్టమ్ వలయం ఉన్న సెఫలోస్పోరిన్లు కూడా పడవని పాత పుస్తకాల్లో ఉండేది. ఆ లెక్క తొలినాటి సెఫలోస్పోరిన్లది, వాటిలో కాస్త పెన్సిలిన్ కలిసిపోయి ఉండేది. ఇప్పటి అంచనా దాదాపు రెండు శాతం. ఐజీఈ తరచూ గుర్తుపెట్టుకునేది వలయాన్ని కాదు, దానికి వేలాడే తోకను. ఆంపిసిలిన్, సెఫాలెక్సిన్‌లవి ఒకే తోక. అమాక్సిసిలిన్, సెఫాడ్రాక్సిల్‌లవి ఒకే తోక. ఆపరేషన్ ముందు ఇచ్చే సెఫజోలిన్ తోక ఇంకెవరికీ లేదు. కాబట్టి అమాక్సిసిలిన్ పడనివారికి సెఫాడ్రాక్సిల్ ఇవ్వడం కన్నా సెఫజోలిన్ ఇవ్వడమే నయం. అలాగే సల్ఫా యాంటీబయాటిక్ పడదని ఫ్యూరోసెమైడ్ నీటి మాత్ర మానేయాల్సిన పని కూడా లేదు, పేరులో బంధుత్వమే తప్ప అలర్జీ పుట్టించే భాగం అందులో లేదు.

ఐజీఈకి కాలంతోపాటు మతిమరుపు వస్తుంది. నిజంగానే పెన్సిలిన్ అలర్జీ ఉన్నవారిలో కూడా, మందు జోలికి పోకుండా పదేళ్లు గడిస్తే దాదాపు 80 శాతం మందికి అది పోతుంది. అమెరికాలో పదిమందిలో ఒకరి రికార్డులో పెన్సిలిన్ అలర్జీ అని ఉంటుంది, పద్ధతిగా పరీక్షిస్తే వారిలో 90 శాతానికి పైగా ఆ మందు తట్టుకుంటారు. మిగిలిన జీవితమంతా వాళ్లకు అందేది ఖరీదెక్కువ, పని తక్కువ మందులు.

దీని నష్టం బాగా కనిపించేది రుమాటిక్ గుండె జబ్బులో. చిన్నప్పుడు గొంతునొప్పితో మొదలై కవాటాలను తినేసే ఈ జబ్బు ముదరకుండా మూడు నాలుగు వారాలకోసారి బెంజథీన్ పెన్సిలిన్ సూది ఏళ్ల తరబడి వేయించుకోవాలి. రియాక్షన్ భయంతో వేయడానికి జంకే క్లినిక్‌లు ఉన్నాయి. 1991లో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనంలో 32,430 ఇంజెక్షన్లకు 4 అనాఫిలాక్సిస్‌లు, ఒక మరణం నమోదయ్యాయి. పైగా సూది వేయగానే సంభవించే మరణాల్లో చాలా వాటికి అలర్జీ కాక, అప్పటికే బాగా దెబ్బతిన్న గుండె నొప్పికీ భయానికీ తట్టుకోలేకపోవడమే కారణం కావచ్చని 2022లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ హెచ్చరించింది. అలాంటివారికి సూది బదులు మాత్రలు వాడమని సలహా ఇచ్చింది. ‘వికటించింది’ అని రాసిన మరణాల్లో ఎన్నిటి వెనక ఐజీఈ ఉందో మరి.

ఇక నిజంగా ఐజీఈ అలర్జీయే ఉండి, పెన్సిలిన్ తప్ప గత్యంతరం లేకపోతే? సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న గర్భిణి పరిస్థితి ఇదే, కడుపులో బిడ్డను కాపాడగలదని నమ్మకంగా చెప్పగల మందు పెన్సిలిన్ ఒక్కటే. 1985లో అమెరికాలో పెన్సిలిన్ పడని 15 మంది గర్భిణులకు నోటి ద్వారా పెన్సిలిన్ ఇచ్చిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. 100 యూనిట్లతో మొదలుపెట్టి, 15 నిమిషాలకోసారి దాదాపు రెట్టింపు చేస్తూ, 14 మోతాదుల్లో 13 లక్షల యూనిట్ల దాకా తీసుకెళ్తారు. పక్కన అడ్రినలిన్, డాక్టర్ ఉండాల్సిందే. నాలుగు గంటల్లో మాస్ట్ కణాలు మొద్దుబారతాయి. సంచులు నిండుగానే ఉంటాయి, పైన ఐజీఈ పాతుకునే ఉంటుంది, కానీ పిలిచినా పలకవు. మందు ఆగకుండా సాగినన్నాళ్లూ అలాగే ఉంటాయి. కోర్సు ముగిసి కొద్ది రోజులు గడిస్తే మళ్లీ మేలుకుంటాయి, ఆ తర్వాత ఎప్పుడైనా పెన్సిలిన్ కావాలంటే మళ్లీ 100 యూనిట్ల దగ్గర నుంచే మొదలుపెట్టాలి.